వండుకో

“నీకు పడకపోతే నీ మటుకు వేరే వండుకో. మాకు మాత్రం ఎప్పట్లానే చెయ్యి,” అన్నాడు ఆమె భర్త, ఫోనులోంచి తలెత్తకుండానే.

వండుకో. కోడిముక్కలు కడుగుతూ ఆమె ఆ మాటని మనసులో ఇంకోసారి అనుకుని చూసింది. పెళ్ళయిన నాటినుంచీ ఈ ఇంట్లో వండు, వడ్డించు, తియ్యి, కడుగు అనేవే విన్నది. చివర ఆ ‘కో’ ఎవరూ తగిలించలేదు. ఇప్పుడు తగిలించింది కూడా విసుగుతోనే అనుకోండి, అయినా వినడానికి బాగుంది. కడుపులో మంటకి నూనె, కారం తగ్గించమని డాక్టరమ్మ చెప్పినప్పుడు అత్తగారు, “మా కాలంలో ఆడవాళ్ళకి కడుపులు లేవా ఏంటి!” అని దీర్ఘం తీశారు. ఉండే ఉంటాయి. ఉన్నాయని ఎవరితోనూ అని ఉండరు, అంతే.

తను పనిచేసే కళ్ళజోళ్ళ దుకాణంలో పక్కన కూర్చుని అద్దాలు బిగించే ఇండోనేసియా అమ్మాయి చెప్పిన వంట ఇది. అల్లం, వెల్లుల్లి, పచ్చిపసుపు కొమ్ము నూరి, నిమ్మగడ్డి కాడ చితక్కొట్టి, కోడిముక్కలతో సన్నసెగన ఉడికించాలి. వేయించే పని లేదు. చిక్కటి కొబ్బరిపాలకి బదులు పల్చటివి గరిటెడు చాలు. దించాక నిమ్మరసం. “కాడని ముడెయ్యక్కా, లేకపోతే పీచులు పళ్ళలో ఇరుక్కుంటాయి,” అంది ఆ పిల్ల, ఆమె దగ్గర నేర్చుకున్న తెలుగులో. పక్క పొయ్యి మీద ఇంటివాళ్ళ కూర నూనె తేలేదాకా వేగుతోంది. తన గిన్నెలోంచి లేచిన వాసనకి ఆమెకి సిగ్గుపడేంత సంతోషం కలిగింది. అచ్చంగా తనకోసం ఒక గిన్నె పొయ్యెక్కడం అదే మొదలు మరి.

“ఏంటా పసుపు నీళ్ళు?” అన్నారు అత్తగారు బల్ల దగ్గర. ఆయన మాత్రం రుచి చూద్దామని ఒక గరిటె పోసుకున్నాడు. ఇంకోటి పోసుకున్నాడు. “అమ్మా, నువ్వూ వేసుకో, భలే ఉంది!” ఆమె మంచినీళ్ళు తెచ్చేసరికి గిన్నె అడుగున నిమ్మగడ్డి ముడి ఒక్కటే మిగిలింది.

“అయిపోయిందా?”

“నీకు ఇది ఉందిగా, బోలెడు,” అంటూ నూనె కూర ఆమె వైపు జరిపాడు, ఎంతో ప్రేమగా.

ఆయన చెడ్డవాడు కాదు, అదే వచ్చిన చిక్కు. చెడ్డవాడైతే ఎప్పుడో పోట్లాడి ఉండేది. ఆ గిన్నె ఆమెదని ఆయనకి తట్టలేదు. ఈ ఇంట్లో ఆమెదంటూ ఒకటి ఉంటుందని తట్టేలా ఆమె కూడా ఏనాడూ మసలుకోలేదు. ఉత్త అన్నంలో ఉప్పు కలుపుకుని తింది. కోపం వచ్చింది. ఈసారి దాన్ని గిన్నెలతోపాటు కడిగెయ్యలేదు.

మరుసటి ఆదివారం ఆయన కోడిమాంసం తెచ్చి గట్టు మీద పెట్టాడు. “ఆ నిమ్మగడ్డి కూర చెయ్యి, అందరికీ సరిపడా. అమ్మకి ఆ మామూలు కూర కూడా.”

ఆమె తనకి చాలినన్ని ముక్కలు తీసుకుంది. నూరింది, ముడివేసింది, ఉడికించింది, నిమ్మకాయ పిండింది. పళ్ళెంలో వడ్డించుకుని, వేడి తగ్గకముందే బల్ల దగ్గర కూర్చుంది. మిగతా ముక్కలు గట్టు మీదే ఉన్నాయి.

“మరి మాకో?” అన్నాడాయన, నిజంగానే అర్థంకాక.

ఆమె మొదటి ముద్ద తీరిగ్గా నమిలి మింగింది.

“పొయ్యి ఖాళీగానే ఉందండీ. వండుకోండి.”