కందకంలో భోజనాలు

పరాయి దేశానికి యుద్ధానికొచ్చిన ఆ దళంలో వంట చేసే సిపాయిని అందరూ బాబాయ్ అనేవారు. బాబాయ్ కూర గిన్నె మూత తీయడమే ఆలస్యం, శత్రు విమానాలొస్తున్నాయని సైరన్ మోగేది. కంచాలతో సహా అందరూ కందకంలోకి పరుగో పరుగు. మట్టి రాలకుండా ఇనుప టోపీలు అడ్డుపెట్టుకుని అక్కడే తినేవారు.

"నా వంటంటే వాళ్లకెందుకురా అంత కడుపుమంట!" అని బాబాయ్ రోజూ పళ్లు నూరేవాడు.

ఒకరోజు మూత తీసినా సైరన్ మోగలేదు. అందరూ గుడారంలో బల్లల ముందు బుద్ధిగా కూర్చున్నారు గానీ, ఒక్కరికీ ముద్ద దిగలేదు. చెవులన్నీ బయటే ఉన్నాయి.

"ఉప్పెక్కువైందా?" బాబాయ్ గుర్రుమన్నాడు.

"కూర బానే ఉంది బాబాయ్. ఇక్కడ కూర్చుంటేనే ఏదోలా ఉంది," అంటూ ఒకడు కంచం పట్టుకుని కందకంలోకి దిగాడు. వాడి వెనకే అందరూ దిగారు.

ఖాళీ గుడారం చూసి బాబాయ్‌కి ఒళ్లు మండింది. "తిన్నగా కూర్చుని తినడం కూడా మర్చిపోయారు వెధవలు!" అని తిడుతూ, గిన్నె ఎత్తుకుని తనూ దిగాడు. అందరికీ మారు వడ్డించి, ఒకసారి ఆకాశంకేసి చూశాడు.

"ఇవాళ రాలేదేంట్రా వాళ్లు? ఒంట్లో బాగోలేదో ఏమో!"