చెల్లెలి కార్డు

సంచిలోకి ముందు తువ్వాలు వెళ్ళింది. తర్వాత మార్చుకునే బట్టలు, దువ్వెన, నీళ్ళ సీసా. సర్దుతూనే మూటలక్క ఆ సీసా తాగి ఖాళీ చేసింది. పొద్దుటి నుంచి అది రెండోసారి. మళ్ళీ నింపి పెట్టింది.

ఆసుపత్రి దుప్పట్లు ఉతికే లాండ్రీలో ఇరవై రెండేళ్ళుగా తడి మూటలు ఎత్తుతున్న మనిషి. అసలు పేరు జీతం కాగితం మీద తప్ప ఎక్కడా లేదు. అంతకు ముందు, తల్లి పోయిన నాటి నుంచి, చంకలో చెల్లెల్ని మోసిన నడుమే అది. ఇప్పుడు వంగితే లేవదు, లేస్తే వంగదు.

నడుముకు చుట్టిన పట్టీ విప్పి మేకుకు తగిలించింది. చిరిగిన దుప్పటిని ఎనిమిది మడతలు వేసి తనే కుట్టుకున్న పట్టీ.

"అది తీసుకెళ్ళవా?" అంది చెల్లెలు.

"సూది పడ్డాక ఇంకా అదెందుకే? వచ్చాక మసిగుడ్డ చేసేస్తా చూడు."

రెండు నెలల కిందట కంపెనీ డాక్టరు, ఒకే లాండ్రీలో పనిచేసే ఆ ఇద్దరికీ ఒకే రోజు వెన్నులో సూదులు వేశాడు. చెల్లెలికి స్టెరాయిడ్. అక్కకు ఉత్త మొద్దుబార్చే మందు. చెల్లెలు లేడిపిల్లలా తిరుగుతోంది. అక్క నొప్పి మాత్రం పుట్టింటికి వెళ్ళిన కోడలిలా పదో రోజుకే తిరిగొచ్చింది. ఎవరెన్ని మెట్లెక్కారు, ఎవరెంతసేపు నిలబడ్డారు అని రోజూ పోల్చుకునేవారు. "నీది దొరసాని సూది, నాది దాసీ సూది" అని అక్క దెప్పేది.

డాక్టరు అక్క దగ్గర దాచలేదు. "మీకు షుగరు ఎక్కువుంది. ఆ మందు పడితే ఇంకా పెరుగుతుంది. ప్రాణం మీదికొస్తుంది" అన్నాడు.

చెల్లెలికి రెండో సూది ఈరోజే, గురువారం. రెండు రోజులు వార్డులో ఉంచుకుంటారు.

"నొప్పి లేని నడుముకు సూదెందుకక్కా? నువ్వే వేయించుకో. కానీ డాక్టరు వద్దన్నాడుగా..."

"టీలో చక్కెర మానేసి మూడు వారాలైంది. ఇంకెక్కడి షుగరే నా మొహం!"

కార్డులు మార్చుకోవడం వాళ్ళకు కొత్త కాదు. ఒకరికి ఆలస్యమైతే గేటు దగ్గరి యంత్రంలో ఇంకొకరు రెండు కార్డులూ గుచ్చేవారు. గేటు మనిషి కార్డు చూస్తాడు, మొహం చూడడు. పనికీ, కంపెనీ వైద్యానికీ అదే కార్డు. చెల్లెలి నలభై రెండో నంబరు కార్డు అక్క సంచిలోకి వెళ్ళింది. అక్క నలభై ఒకటి చెల్లెలి చేతికొచ్చింది.

"ఈ రెండు రోజులూ నీది నేను గుచ్చుతాలే" అంది చెల్లెలు.

మధ్యాహ్నం దాకా పనిచేశారు. ఆవిరికి గోడలు చెమటలు కక్కుతున్నాయి. మూట ఎత్తబోయి మూటలక్క సగంలో ఆగిపోయింది. సూపర్‌వైజరు చూడనే చూశాడు.

"ఏం మూటలక్కా, వంతెనలా వంగిపోయావ్? కింద నీళ్ళు వదలమంటావా?"

అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. నవ్వకపోతే నొప్పి ఉన్నట్టు తెలిసిపోతుంది.

"సోమవారం గుర్తుందిగా? తడి మూట ఎత్తి బల్ల మీద పెట్టాలి. పెట్టలేకపోతే ఇంటికే. ముసలి ఎద్దుల్ని మేపడానికి ఇదేం కొట్టం కాదు."

వైద్యశాలలో నర్సు కార్డు చదివింది. "నలభై రెండు. రెండో సూది. షుగరు లేదు." తలెత్తి, "రెండు నెలల్లో ఇంత ముసలైపోయావేంటమ్మా?" అంది.

"ఆవిరికి తల్లీ. మనిషిని కూడా ఉతికేస్తుంది."

డాక్టరు వీపే చూశాడు. బోర్లా పడుకున్న వాళ్ళకు మొహాలుండవు.

సాయంత్రానికి నొప్పి దిగిపోయింది. ఎన్నేళ్ళకో వెల్లకిలా పడుకుని, మంచం మీది దుప్పటిని తడిమి చూసుకుంది. తాము ఉతికిందే.

మర్నాడు నాలుక చెక్కలా ఎండిపోయింది. ఎన్ని నీళ్ళు తాగినా ఇసుకలో పోసినట్టే. మధ్యాహ్నానికి కళ్ళు తిరిగి మంచం పక్కన కూలబడింది. నర్సు కార్డు చూసింది.

"షుగరు లేదుగా, ఉత్త నీరసమే. గ్లూకోజు ఎక్కిద్దాం."

సీసాలో ఏముందో మూటలక్కకు తెలుసు. "అమ్మా..." అంది.

"ఏంటి?"

చెబితే రెండు కార్డులూ పోతాయి. చంకలో మోసినదాన్ని తన చేత్తోనే గేటు బయట దింపినట్టవుతుంది.

"ఏం లేదు. ఎంతసేపు పడుతుంది?"

"రెండు గంటలు. కళ్ళు మూసుకో."

మూడు వారాలుగా టీలో మానేసిన చక్కెరంతా చుక్క చుక్కగా లోపలికి దిగింది.

శనివారం పొద్దున తీసుకెళ్ళడానికి వచ్చిన చెల్లెలితో బల్ల దగ్గరి గుమాస్తా, "నలభై రెండు తెల్లవారుజామున పోయింది. నువ్వేమవుతావు?" అన్నాడు. 

సోమవారం సూపర్‌వైజరు చెల్లెలి ముందే రెండు కార్డులూ చింపేశాడు. "నువ్వు బతికే ఉన్నావని నాకు తెలుసమ్మా. కాగితానికి తెలీదు. ఇక నలభై ఒకటి అంటావా, చచ్చిపోయినామె శుక్రవారం వార్డులో పడుకుని కూడా పనిలోకి వచ్చినట్టుంది. అదెలాగో నువ్వే చెప్పు."

తడి మూట ఎత్తమని ఎవరినీ అడగలేదు. ఆ పరీక్ష సంగతి అందరూ మర్చిపోయారు.

గురువారం పొద్దున సంచితో వెళ్ళిన మూటలక్క తిరిగి రాలేదు. మేకుకు పట్టీ వేలాడుతోంది, లోపల ఇంకా ఒక నడుం ఉన్నట్టే గుండ్రంగా.