నూటా మూడు జ్వరానికి సాక్ష్యం

మా అద్దింట్లో ఫోన్ సిగ్నల్ ఒక్కచోటే వస్తుంది. మేడ మెట్లలో ఐదోది. నాలుగో మెట్టు మీద నిల్చుంటే మన మాట అవతలివాళ్ళకు వినిపించదు. ఆరో మెట్టు మీద నిల్చుంటే పై వాటావాళ్ళ తడి చీరలు మొహానికి తగులుతాయి. ఓనరుకు చెబితే, "ఇల్లు బాడుగకిచ్చినా గానీ టవర్ ఇచ్చినానా?" అన్నాడు. హిందూపురంలో ఓనర్లు ఏదీ మనసులో పెట్టుకోరు.

ప్రతి బుధవారం సాయంత్రం ఏడుకు ఆ ఐదో మెట్టే నా ప్రార్థన స్థలం.

పెనుకొండలో ఉన్నన్నాళ్ళూ బుధవారం కూడిక సిద్దమ్మవ్వ ఇంట్లో జరిగేది. తర్వాత నాకు హిందూపురం బదిలీ అయింది. మాతో కూడికకు వచ్చే గంగాధర్ ధర్మవరం పట్టుచీరల షాపులో చేరాడు. "మనుషులు దూరం పోతే ప్రార్థన గూడా నిలిచిపోవల్నా? ఫోనుండాది కదా," అంది అవ్వ. అప్పటినుంచి మూడు ఊళ్ళకూ ఒకటే కాన్ఫరెన్స్ కాల్. మొదటి పది నిమిషాలు "ఇనపడతాందా?" "నాకు ఇనపడతాండాది, నీకు?"తో గడుస్తాయి. తర్వాత పాట. ధర్మవరం మూడో చరణంలో ఉన్నప్పుడు హిందూపురం ఇంకా పల్లవిలోనే ఉంటుంది. అవ్వకు కళ్ళు సరిగ్గా ఆనడం లేదు కాబట్టి బైబిల్ వాక్యం చదివేది నేను.

ఒకసారి క్రికెట్ ఫైనల్ ఉందని గంగాధర్ కాల్‌లోకి రాలేదు. నాకు బాధేసింది. గ్రూపులో ఒక నియమం పెట్టాను: ఒంట్లో బాగలేకపోతే తప్ప ఎవరూ కూడిక మానకూడదు. కింద దండం పెట్టే బొమ్మలు మూడు పెట్టాను.

మొన్న బుధవారం మా ఆఫీసు సాబ్జాన్ కొడుకు పెళ్ళి విందు వచ్చింది. సరిగ్గా ఏడుకు. మటన్ బిర్యానీ. ఎనిమిదికి పోతే అన్నం మాత్రమే మిగులుతుందని అనుభవస్థులు చెప్పారు.

ఆరున్నరకు ఫోన్ చేశాను. "అవ్వా, జ్వరం."

"అయ్యో ఆనందూ, ఎంతుండాది నాయనా?"

అంకె అడుగుతుందనుకోలేదు. "నూటా మూడు" అన్నాను. నూరంటే సరిపోయేది.

నా భార్య రాణి నా చొక్కా ఇస్త్రీ చేస్తూ అంతా వింది. "నూటా మూడుకు సెంటు గూడా కొట్టుకో," అంది.

బిర్యానీ బాగుంది. అది మాత్రం నిజం.

గురువారం పొద్దున్నే ఐదో మెట్టు మీద కూర్చుని ఇడ్లీ తింటుంటే గంగాధర్ ఫోన్. "ఏమన్నా, అంత జ్వరంలో ఎముక భలే కొరుకుతాండావే!"

సాబ్జాన్ పెళ్ళి చీరలు గంగాధర్ షాపులోనే కొన్నాడు, అప్పుడే ఇద్దరూ నంబర్లు తీసుకున్నారు. విందు ఫొటోలు వాట్సాప్ స్టేటస్‌లో పెట్టాడు. అందులో నేను స్పష్టంగా ఉన్నాను.

"అవ్వకు చెప్పినావా?"

"యాడ చెప్తానన్నా? ఆయమ్మ నీ కోసరం మూడు దినాలు ఉపవాసమని నిన్ననే కూచుండాది. నేనూ ఒక పూట మానేస్తి, స్టేటస్ సూడకముందు. ఆ పూట కూడు నాకెవరిస్తారు?"

నా నోట్లో ఇడ్లీ ఆగింది. డెబ్బై రెండేళ్ళ మనిషి. ప్లేటు పక్కన పెట్టి వెంటనే అవ్వకు ఫోన్ చేశాను. "అవ్వా, జ్వరం పాయె! మొత్తం పాయె! నువ్వు అన్నం తినవ్వా."

"అంత జ్వరం ఒక్క దినంలోనా?"

"ఒక్క దినంలోనే."

అవతల ఏడుపు. "స్తోత్రం! ఇను నాయనా. రెండేండ్లుగా డాక్టరు కంటిపొర తీపిచ్చుకోమంటాండాడు. ఇంకా ఆలస్యం జేస్తే సూపే పోతాదంట. భయమై పోలేదు. ఇప్పుడు ధైర్యమొచ్చె. సోమారానికి పేరు రాపిస్తా. నువ్వు ఆదివారమొచ్చి చర్చిలో సాక్ష్యం జెప్పల్ల. అది ఇనే పోతా ఆపరేషన్‌కు."

మాలో స్వస్థత పొందినవాడు అందరి ముందూ నిలబడి సాక్ష్యం చెప్పాల్సిందే. పాస్టర్‌గారు నాకు పది నిమిషాలు కేటాయించారని సాయంత్రం కబురొచ్చింది.

గంగాధర్‌ను సలహా అడిగాను. "నేను నోరు దెరవను. ఆ నియమం మాత్రం తీసేయన్నా," అన్నాడు. తీసేశాను. బొమ్మలతో సహా.

"నిజంగా జ్వరం దెచ్చుకో, సగం పాపం తగ్గుతాది," అంది రాణి. శుక్రవారం చన్నీళ్ళతో రెండుసార్లు తలకు పోసుకున్నాను. థర్మామీటరు తొంభై ఏడు చూపించింది. నా జీవితంలో ఇంత ఆరోగ్యంగా ఎప్పుడూ లేను.

"ముందే నిజం జెప్పేస్తే?" అన్నాను.

"ఆయమ్మ ఆపరేషన్ మానుకుంటే?" అంది.

"చెప్పకపోతే?"

"చర్చిలో నిలబడి దేవుని ముందర అబద్ధమాడతావా?" అంది. మా ఇంట్లో రెండు పక్కలా వాదించేది ఒకరే.

ఇవాళ శనివారం. అవ్వ ఇందాకే ఫోన్ చేసింది. "కండ్లొచ్చినాంక బుధవారం వాక్యం నేనే సదువుతా. నీకు శ్రమ తప్పుతాది," అంది. ఆ గొంతులో భయం లేదు. రెండేళ్ళలో అలా వినడం ఇదే మొదలు.

రేపు పొద్దున ఏడుకు పెనుకొండ బస్సు. పుణ్యముంటుంది, చదువుతున్న అయ్యలారా, అమ్మలారా, నేనేం చేయాలో చెప్పండి. అవ్వ కన్ను పోకూడదు, నేను దేవుని ముందర అబద్ధమాడకూడదు. ఈ రెంటికీ మధ్య ఏదన్నా సందు ఉందా? "నిజం చెప్పెయ్" అనడం సులువు. అలా అనేవాళ్ళు ఆ నిజం అవ్వ దగ్గర ఎలా ఎత్తుకోవాలో కూడా చెప్పండి. మొదటి మాట చాలు, మిగతాది నేను చూసుకుంటాను.