జనవరి మేఘం

మా ఎయియో పట్నం రేడియోలో పొద్దున్న ఏడున్నరకి వాతావరణం చదివేది నేనే. పేరు అసిమీనా. పన్నెండేళ్ల నుంచి చదువుతున్నాను. అందుకే మా చుట్టుపక్కల ఊళ్లలో నన్ను చూసిన వాళ్లెవరూ "ఎలా ఉన్నావు?" అని అడగరు, "రేపెలా ఉంటుంది?" అని అడుగుతారు. బాగుంటే దేవుడి దయ, బాగోకపోతే నా నోటి మహిమ. ఈ ఉద్యోగంలో చేరిన కొత్తలో ఏడ్చేదాన్ని. ఇప్పుడు అలవాటైపోయింది.

మొన్న ఆగస్టు పంతొమ్మిది పొద్దున్న వాతావరణ శాఖ నుంచి నా చేతికొచ్చిన కాగితంలో ఇలా ఉంది. పగటి వేడి నలభై ఒకటి. రెండు దాటాక పడమటి కొండల మీంచి ఉరుములతో వాన, అక్కడక్కడ వడగళ్లు, గాలి వేగం ఎనిమిది బోఫోర్లు. ఎనిమిది బోఫోర్లంటే కాఫీ కొట్టు ముందు కుర్చీలు తమంతట తామే రోడ్డు దాటి అవతల గట్టున కూర్చుంటాయన్న మాట. "అక్కడక్కడ" అన్న మాటని రెండుసార్లు చదివాను. ఆ మాట మీద నాకు భయమూ భక్తీ రెండూ ఉన్నాయి. ఎందుకో చెప్పాలంటే మా పెద్దత్త సంగతి చెప్పాలి.

పెద్దత్త అంటే మా అత్తగారి అక్క, గరుఫల్యా. డెబ్బై నాలుగేళ్లు. మొగుడు పోయి చాలా కాలమైంది, పిల్లల్లేరు, నల్ల ద్రాక్ష తోట ఒక్కటే ఉంది. ఏటా ఆగస్టులో కాయ కోసి, ఇంటి ముందు కళ్లంలో పల్చగా పరిచి, పన్నెండు రోజులు ఎండబెడుతుంది. ఆ ఎండు ద్రాక్షే ఆమెకి ఏడాది తిండి. వాన పడితే కాయ కుళ్లిపోతుంది. పోనీ పట్టా కప్పేద్దామా అంటే, ఆ ఎండకి పట్టా కింద కాయ ఉక్కబోసి పులిసిపోతుంది. అందుకని కప్పడం ఎంత ముఖ్యమో, ఊరికే కప్పకపోవడమూ అంతే ముఖ్యం.

పోయినేడు సరిగ్గా ఇక్కడే నేను పప్పులో కాలేశాను. కాగితంలో "అక్కడక్కడ జల్లులు" అని ఉంటే, ఆ "అక్కడక్కడ" మరీ చప్పగా ఉందనిపించి మింగేశాను. "కళ్లాల్లో కాయ ఉన్నవాళ్లు కప్పేసుకోండి, వాన తప్పదు" అని గొంతు పెంచి మరీ చెప్పాను. నేను చదివే గదికి కిటికీ లేదు. బయట ఆకాశం అద్దంలా ఉందని నాకేం తెలుసు? పెద్దత్త నా మాట నమ్మి రెండు రోజులు కప్పి ఉంచింది. వాన చుక్క పడలేదు. మూడో రోజు పట్టా తీస్తే సగం కాయ బూజు పట్టి, సారా కంపు కొట్టింది. నేను వెళ్లి, "కాగితం అలా వచ్చింది పెద్దత్తా" అన్నాను. ఆమె నా మొహం చూడకుండా, "వాన రాకడ, ప్రాణం పోకడ ఎవరికెరుకే. నీకు మాత్రం ఎరుకని నమ్మాను చూడు, నాదీ బుద్ధి తక్కువ" అంది. ఆ తర్వాత ఏడాదిపాటు నాతో మాటల్లేవు.

అసలు మా ఇద్దరికీ పంచాంగమే కలవదు. ఆమెది చర్చి పాత లెక్క. మేమందరం ఆగస్టు పంతొమ్మిదిన ఉంటే ఆమె ఇంకా ఆరో తారీకునే ఉంటుంది. మా ఊళ్లో ఆ లెక్క పాటించేవాళ్లు పదకొండు మంది. "మీకు అన్నిటికీ తొందరే, పదమూడు రోజులు ముందే పరిగెత్తి ఏం బావుకున్నారే?" అని వెక్కిరిస్తుంది. ఆగస్టు మొదటి పన్నెండు రోజుల ఆకాశం చూసి రాబోయే పన్నెండు నెలల వాన, మంచు, గాలి చెప్పడం మా వైపు పాత వాళ్లకి అలవాటు. ఒకటో రోజు ఆగస్టుకి, రెండోది సెప్టెంబరుకి, అలాగ. నన్ను నమ్మడం మానేశాక పెద్దత్త ఒక నోటు పుస్తకం కొనుక్కుని, ఈ లెక్క రాయడం మొదలెట్టింది. రేడియో తీగ పీకేసింది.

ఆ రోజు చదవడం అయ్యాక రేడియో స్టేషన్ మేడెక్కాను. పోయినేటి దెబ్బకి ఈ ఏడు నుంచి కాగితంతోపాటు ఆకాశమూ చూస్తున్నాను. పదకొండింటికి పనహైకో కొండ వెనక ఒక తెల్ల మేఘం గోబీ పువ్వులా పొంగింది. ఒంటిగంటకి దాని అడుగు నల్లబడింది. కొండ నెత్తిన గాలి ఆగిపోయింది. ఇక నాకు కాగితంతో పని లేకపోయింది. పెద్దత్త కళ్లంలో కాయ ఇంకా రెండు రోజుల ఎండ తినాలి. ఈ ఏడూ పోతే ఆమె తోట అమ్ముకుని మా ఇంటికో ఇంకో ఇంటికో చేరాలి. మా ఆయనే చెప్పాడు, ఆ మాట ఆమె పక్కింటి స్టాథిస్‌తో అందట.

మా ఆయన ఆర్గిరిస్‌కి ఫోన్ చేశాను.

"పెద్దత్త కప్పిందా?"

"పొద్దున చూశా, కప్పలేదు. అందరూ కప్పేశారు, ఆవిడదొక్కటే బట్టబయలుగా ఉంది."

"వెళ్లి కప్పలేకపోయావా?"

"నేనా? ఆవిడ చేతికర్ర నీకు తెలీదా ఏంటి? నువ్వే రా. తిట్లు పంచుకుందాం."

కారులో ఇరవై నిమిషాల దారి. పద్నాలుగు నిమిషాల్లో వచ్చాను. అప్పటికే పడమర సగం ఆకాశం బొగ్గులా ఉంది. ఎండ మాత్రం నెత్తి మాడుస్తూనే ఉంది.

పెద్దత్త ద్రాక్ష పందిరి కింద కుర్చీ వేసుకుని కూర్చుంది. పండుగ గౌను, నల్ల పట్టు రుమాలు. పక్కన గిన్నెలో చర్చి నుంచి తెచ్చిన ద్రాక్ష గుత్తి. అప్పుడు గుర్తొచ్చింది నాకు, పాత లెక్క ప్రకారం ఆ రోజు రూపాంతరం పండుగ. కొత్త ద్రాక్షకి చర్చిలో దీవెన పట్టే రోజు. పనిముట్టు ముట్టుకుంటే పాపం. ఒళ్లో నోటు పుస్తకం, చెవి మీద పెన్సిలు. ఎదురుగా కళ్లం నిండా నల్లటి కాయ వెల్లకిలా పడుకుని ఉంది. ఆమె మేఘం వైపు చూసి మురిసిపోతోంది.

"పెద్దత్తా, వాన వస్తోంది. కప్పాలి."

ఆమె నాతో మాట్లాడలేదు. స్టాథిస్ గోడ అవతలి నుంచి తొంగి చూస్తున్నాడు. అతనితో అంది. "స్టాథిస్, రేడియో ఎవరు పెట్టారు? కట్టెయ్యమని చెప్పు."

"రేడియో కాదు, పెద్దత్తా. నేనే. ఆ మేఘం చూడు!"

"చూస్తున్నానుగా. పొద్దున్నుంచీ అదే చూస్తున్నా. ఇవాళ ఆరో రోజు. ఆరో రోజంటే జనవరి." పుస్తకం నా వైపు తిప్పి వేలుతో చూపించింది. "ఎంత నల్లగా ఉందో చూడవే. జనవరిలో మోకాలి లోతు మంచు పడుతుంది. కట్టెలు ఎక్కువ తెప్పించుకోవాలి."

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. "అది జనవరి మేఘం కాదు పెద్దత్తా! ఇవాళ రెండింటి మేఘం! అరగంటలో మన నెత్తి మీద ఉంటుంది!"

"రోజుల లెక్కలో కనపడింది ఆ రోజు మీద పడదే. నెల మీద పడుతుంది. మా నాన్న చెప్పాడు."

"మీ నాన్న తడవలేదా ఎప్పుడూ?"

"నోర్ముయ్. పోయిన మనిషిని అంటావా? అయినా పోయినేడు కూడా ఇలాగే వాన వాన అని గోల పెట్టావు. కప్పించావు. నా కాయకి నువ్వు చేసిన సేవ చాలు."

అప్పటికే అక్కడికి వచ్చిన మా ఆయన వెనక నుంచి నా మోచెయ్యి లాగాడు. మాట మార్చమని. మార్చలేదు. ఆ మేఘం కంటే ఆమె మొహం చూస్తే భయమేసింది నాకు. కోపం కాదు అది. నమ్మి చెడ్డ మనిషి ఇంకోసారి నమ్మడానికి ఒప్పుకోదు, అంతే. దానికి కారణం నేను.

కుర్చీ ముందు నేల మీద కూర్చున్నాను.

"పెద్దత్తా, పోయినేడు కాగితం అలా రాలేదు. నీతో అబద్ధం చెప్పాను. కాగితంలో 'అక్కడక్కడ' అని ఉంది. అది నేను తీసేశాను. గట్టిగా చెబితే బాగుంటుందని తీసేశాను. బయటికొచ్చి ఆకాశం కూడా చూడలేదు. నీ కాయ పోయింది నా వల్లే. వచ్చి చెప్పడానికి సిగ్గేసింది. ఇవాళ పొద్దున్నుంచి మేడ మీదే ఉన్నాను. కాగితం చెప్పిందని రాలేదు. నా కళ్లతో చూసి వచ్చాను."

ఎక్కడో కొండ వెనక ఉరిమింది. పెద్దత్త తల తిప్పి నా మొహంలోకి చూసింది. ఏడాది తర్వాత మొదటిసారి.

"ఇంతేనా?" అంది. "ఈ ముక్క చెప్పడానికి ఏడాది పట్టిందా నీకు?"

"పట్టింది."

"మొద్దు మొహమా." పెన్సిలు చెవి మీంచి తీసి పుస్తకంలో పెట్టి మూసింది. కళ్లం వైపు చూసింది. "కానీ ఇవాళ పండుగే. ఈ రోజు నేను పార పట్టుకోను. కాయ పోతే పోయింది, పండుగ పూట పాపం చెయ్యను."

నాకు ప్రాణం ఉసూరుమంది. పెద్దత్త మాత్రం ఏదో ఆలోచిస్తూ కళ్లు చిన్నవి చేసింది.

"నాకు పండుగ సరే. ఇవాళ నీకేంటి?"

"నాకా? మంగళవారం."

"మామూలు మంగళవారమేనా? మీ వాళ్లకి ఏ పండుగా లేదా?"

"లేదు పెద్దత్తా. మా రూపాంతరం అయిపోయి రెండు వారాలయింది."

"మరి కింద కూర్చుని ఏం చేస్తున్నావే! మంగళవారం కూడా కూర్చుని తినే కోడలు ఏ కొంపలోనైనా ఉందా? లేచి పార అందుకో! ఒరేయ్ ఆర్గిరిస్, నీకూ మంగళవారమేగా? స్టాథిస్, గోడ మీద ఏం వేలాడుతున్నావురా, దూకు!"

ఆ పిలుపుకి పక్కిళ్ల వాళ్లు నలుగురు వచ్చారు. పదమూడు రోజులు ముందుకు పరిగెత్తిన వాళ్లమందరం చెక్క పారలు పట్టుకుని కాయని పొడవాటి వరుసలుగా కుప్ప చేయడం మొదలెట్టాం. పెద్దత్త కుర్చీలోంచి లేవకుండా కర్రతో చూపిస్తూనే ఉంది.

"అటు కాదు, ఇటు! ఆ మూల కాయ ఎవరికి వదిలేశావు, మీ అత్తకా?"

"పండుగ రోజు పని చేయించడం పాపం కాదా పెద్దమ్మా?" అన్నాడు స్టాథిస్ రొప్పుతూ.

"తిట్టడం పనేంట్రా? అది నాకు ఊపిరి. కానియ్!"

ఆఖరి వరుస మీద పట్టా లాగుతుండగా గాలి వచ్చిపడింది. ముందు దుమ్ము, తర్వాత స్టాథిస్ టోపీ, ఆ తర్వాత ఎవరిదో ప్లాస్టిక్ కుర్చీ మా మీంచి పోయాయి. రాళ్లు పెట్టిన పట్టాలు నిలిచాయి. పడమటి మూల పట్టాకి మాత్రం రాళ్లు చాల్లేదు. అది ఒక్కసారిగా పైకి లేచి, తెరచాపలా ఉబ్బి, కింద కాయ మొత్తం బయటపడింది. మొదటి వడగల్లు నా భుజం మీద ఠపీమని తగిలింది. ఆర్గిరిస్ ఒక కొస పట్టుకున్నాడు, రెండో కొస నా చేతుల్లోంచి జారిపోయింది. నేను ఎగిరి అందుకునేలోపు అది కిందకి పడి అక్కడే ఉండిపోయింది.

చూస్తే దాని మీద పెద్దత్త కూర్చుని ఉంది. పండుగ గౌనుతో, నల్ల పట్టు రుమాలుతో, కాళ్లు చాపుకుని, రెండు చేతులతో పట్టా అంచు నొక్కిపట్టి.

"పెద్దత్తా, లోపలికి పో! వడగళ్లు!"

"కూర్చున్నా!" అని అరిచింది గాలిలోంచి. "కూర్చోవడం పని కాదు! అడిగితే దేవుడికి చెప్పుకుంటా!"

శనగ గింజలంత వడగళ్లు ఆమె రుమాలు మీద ఎగిరెగిరి పడుతున్నాయి. నేను వెళ్లి ఆమె పక్కన కూర్చుని, నా చొక్కా విప్పి ఇద్దరి తలల మీదా పట్టాను. చొక్కా లోపల బనియను ఉందిలెండి, కంగారు పడకండి. ఆర్గిరిస్, స్టాథిస్, మిగతా వాళ్లు కూడా వచ్చి మా చుట్టూ పట్టా అంచుల మీద కూర్చున్నారు. ఇరవై నిమిషాలు అలా తడిసి ముద్దయ్యాం. మధ్యలో పెద్దత్త నా చెయ్యి పట్టుకుంది. పట్టా జారకుండా పట్టుకుందో, నన్నే పట్టుకుందో తెలియదు. వదల్లేదు మాత్రం.

వాన వచ్చినంత దురుసుగానే పోయింది. కొండ మీద ఎండ మళ్లీ పొడుచుకొచ్చింది. కాలవలోంచి ఎర్ర నీళ్లు పారుతున్నాయి. స్టాథిస్ పట్టా అంచు కొంచెం ఎత్తి, చెయ్యి లోపల పెట్టి, గుప్పెడు కాయ తీసి పెద్దత్త ముందు పట్టాడు. పొడిగా ఉంది. ఆమె ఒక గింజ నోట్లో వేసుకుని నమిలింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. వాన నీళ్లే అనుకున్నట్టు మేమందరం వేరే వైపు చూశాం.

నేను ఆమెని లేవదీశాను. గౌను మీద మట్టి దులుపుకుంటూ, నా వైపు తిరక్కుండానే అడిగింది.

"పట్టాలు ఎప్పుడు తియ్యమంటావు? ఎక్కువసేపు ఉంచితే ఉక్కబోస్తుంది."

ఏడాదిగా ఈ ఊళ్లో ప్రతి మనిషీ నన్ను వాతావరణం అడుగుతూనే ఉన్నాడు. ఈ ఒక్క మనిషి అడగలేదనే నా బాధ.

"ఎనిమిదింటికి ఉత్తరం గాలి తిరుగుతుందని అనుకుంటున్నాను," అన్నాను. "కానీ రాత్రి కొండ మీద మబ్బు మిగులుతుందో లేదో ఇప్పుడే చెప్పలేను. పొద్దున్న లేచి చూశాక, ఏడున్నరకి రేడియోలో..."

"రేడియోలో ఊరందరికీ చెప్పు," అంది పెద్దత్త. "నాకు మాత్రం ఇక్కడికి వచ్చి చెప్పు."