మంచు మీద పడ్డ వాన

అక్టోబరు తొమ్మిదిన మా ఊళ్ళో వాన పడింది. ఈ మాట మా తాతతో అంటే, పొద్దున్నే తాగావా అని అడిగేవాడు. ఉత్తర ధ్రువానికి దగ్గర్లో ఉన్నవాళ్ళం, అక్టోబరులో మాకు పడాల్సింది మంచు. అది అప్పటికే జానెడు పడి, పొడిగా, మెత్తగా, ఎలా ఉండాలో అలానే ఉంది. దాని మీద రెండు రోజులు ఆగకుండా వాన. మూడో రోజు లేచేసరికి ఆకాశం నీలంగా మెరిసిపోతోంది, చలి ముక్కుపుటాల్లో గుచ్చుకుంటోంది. గుమ్మం దిగి ఒక్క అడుగు వేశానో లేదో, జారి వెల్లకిలా పడ్డాను. నడుం పట్టుకుని అక్కడే కూర్చుని చుట్టూ చూశాను. వీధి, కంచెలు, ఊరవతల పచ్చికబయలు, కనుచూపు మేర అంతా గాజు పరిచినట్టుంది.

గుమ్మంలోంచి మా ఆవిడ ఒగ్దో పకపకా నవ్వింది.

"యాభై తొమ్మిదేళ్ళొచ్చాయి, ఇంకా నడక రాలేదా హబిరీల్?"

"నవ్వు, నవ్వు. గుర్రాలేం తింటాయో ఒకసారి ఆలోచించుకుని మరీ నవ్వు."

ఆమె నవ్వు ఆగిపోయింది.

మా గుర్రాలకి కొట్టాలుండవు. మైనస్ యాభైలో కూడా ఆరుబయటే బతుకుతాయి. గిట్టలతో మంచు తవ్వుకుని, అడుగున పచ్చగా గడ్డకట్టిన గడ్డి తింటాయి. ఏడు నెలలు అదే పని. మోకాలి లోతు మంచైనా తవ్వుతాయి గానీ, మంచు మీద ఇలా వేలెడు మందాన ఐసు పలక కట్టుకుపోతే ఏం తవ్వుతాయి? నాకున్నది ఒక మగగుర్రం, పదహారు ఆడగుర్రాలు. పదహారూ కడుపుతో ఉన్నాయి. నా ఆస్తి, నా పరువు, నా నలభై ఏళ్ళ చాకిరీ అంతా ఆ పదిహేడు ప్రాణాలే.

పక్కింటి జాకిప్ అన్న కర్ర పోటేసుకుంటూ వచ్చాడు. డెబ్భై రెండేళ్ళ మనిషి, పుట్టినప్పటినుంచీ గుర్రాల వెనకే తిరిగాడు. ఆయన నోటికి జడిసి కుక్కలు కూడా దారి ఇస్తాయి.

"ఇంకా ఇక్కడే ఉన్నావేంట్రా? ఇవాళే తోలు. ఉత్తరాన మెట్ట మీదికి తోలెయ్. ఎత్తు కదా, అక్కడ వాన పడి ఉండదు, మంచే పడి ఉంటుంది."

"మూడు రోజుల దారన్నా. పైగా ఈ ఏడు వెచ్చగా ఉందని ఎలుగుబంట్లు ఇంకా చలినిద్రకి పడుకోనే లేదంట. ఓ వారం చూద్దాం. ఎండ కాస్తే కరుగుతుందేమో."

"ఎండా? ఈ నెలలో ఎండ నీ ముక్కు మీది మంచుబొట్టుని కూడా కరిగించలేదురా వెర్రోడా. వాటి ఒంట్లో కొవ్వున్నప్పుడే కదలాలి."

నేను కదల్లేదు. దాన్ని బద్ధకమనుకోండి, భయమనుకోండి, ఇప్పుడు ఏమనుకున్నా ఒకటే.

మందని చూడ్డానికి అలాస్‌కి వెళ్ళాను. అలాస్ అంటే అడవి మధ్యలో గిన్నెలా దిగిన పచ్చికబయలు, మధ్యలో చెరువు. మా నాన్న, తాత గుర్రాలు మేపింది అక్కడే. పదేళ్ళుగా అది మమ్మల్ని వదిలి వెళ్ళిపోతోంది. నేల అడుగున ఎప్పటిదో ఐసు ఉంది, అది కరుగుతోంది. కరిగిన చోటల్లా నేల గుంటలు పడి కుంగుతోంది, ఆ నీళ్ళన్నీ చెరువులోకి చేరుతున్నాయి. నిరుడు కంచె దాకా వచ్చిన చెరువు ఈ వేసవిలో గడ్డి కోసే నేలలో సగం మింగేసింది. ఏటా ఇరవై బళ్ళ గడ్డి కోసే చోట ఏడు బళ్ళే దొరికాయి. అది మా రెండు ఆవులకీ, దూడకీ చాలీ చాలని గడ్డి. మా నేల కింద వజ్రాలున్నాయంటారు, బంగారం ఉందంటారు, మంట పెడితే వందేళ్ళు మండేంత గ్యాసుందంటారు. నేల మీద గడ్డి లేదన్న సంగతి మాత్రం ఎవరూ రాసుకోరు.

మంద ఒకచోటే గుమిగూడి ఉంది. పెద్దావిడ ముందు నిలబడి తవ్వుతోంది. మందని నడిపించే బూడిదరంగు ముసలి గుర్రాన్ని మేము పెద్దావిడ అంటాం, పద్నాలుగేళ్ళది, తొమ్మిది పిల్లల తల్లి. అది గిట్టెత్తి కొడుతోంది, టంగుమని మోగుతోంది, గిట్ట జారిపోతోంది. మళ్ళీ కొడుతోంది. పది దెబ్బలకి ఐసు పగిలి అరచెయ్యంత కన్నం పడింది. అందులో మూతి పెట్టి నాలుగు పరకలు తెంపుకుంది. తలెత్తితే మూతి మీద నెత్తురు. పగిలిన ఐసు అంచు కత్తిలా ఉంటుంది, ముందు కాళ్ళ చర్మం అప్పటికే చీరుకుపోయింది. మంద నిలబడ్డ చోటంతా ఎర్రటి మరకలు.

మర్నాటి నుంచి నేనూ ఒగ్దో గునపాలు పట్టుకుని బయల్దేరాం. తాగే నీళ్ళ కోసం చెరువు ఐసు కోసే గునపాలవి. పొద్దున్నుంచి పొద్దుగూకే దాకా కొడితే మా ఇంటి నడవంత నేల బయటపడింది. పదిహేడు గుర్రాలు గంటలో దాన్ని నున్నగా గీకేసి, ఇంకా ఎక్కడ అన్నట్టు మా మొహాలు చూశాయి.

"ఈ లెక్కన వసంతానికి మనిద్దరం అలాస్‌లో ఈ మూలంతా కొట్టేస్తాం," అంది ఒగ్దో గునపం మీద వాలి రొప్పుతూ.

"నువ్వొక్కదానివే కొట్టాలి. నేను అప్పటికి పోతాను."

"పోతే పో. గునపం మాత్రం ఇచ్చి పో."

అలా హాస్యాలాడుకుంటూ మొదటి వారం గడిపాం. రెండో వారానికి హాస్యాలు నోట రావడం మానేశాయి.

జిల్లా పశువుల ఆఫీసుకి ఫోన్ చేశాను. ఫోనెత్తినావిడ మంచి మనిషే, గొంతులో జాలి ఉంది. దక్షిణాది నుంచి గడ్డి కొన్నారట, నది అవతలి ఒడ్డున ఉందట. పడవలు ఆపేశారు, ఎందుకంటే నదిలో ఐసు ముక్కలు కొట్టుకొస్తున్నాయి. లారీలు దాటాలంటే నది గట్టిపడాలి, ఈ ఏడు వెచ్చదనానికి అది డిసెంబరు దాటేలా ఉంది.

"అమ్మా, పచ్చిక బయలేమో రాయిలా గడ్డకట్టింది, నదేమో గడ్డకట్టలేదంటున్నారు. ఇదేం న్యాయం?"

"నేనేం చెయ్యను బాబాయ్," అంది. ఆ మాట నిజమే కాబట్టి తిట్టలేకపోయాను.

ఒగ్దో పొయ్యి ముందు కూర్చుని, నిప్పులో వెన్నా, అట్టుముక్కా వేసి, గుర్రాలిచ్చే దేవుడు జెసెగెయ్‌కి మొక్కింది. నువ్విచ్చినవే కదా, నువ్వే చూసుకో అంది. వెన్న చిటపటలాడింది. అంతకు మించి జవాబేమీ రాలేదు.

ఇక నేను చేసిన పని చెప్తాను. గుర్రాలు పెంచేవాడు శీతాకాలం మొదట్లో వాటికి గడ్డి వెయ్యకూడదు. మార్చిలో, ఒంట్లో ఏమీ మిగలనప్పుడు వెయ్యాలి. ముందే వేశామా, గుర్రం తవ్వడం మానేస్తుంది. గడ్డివాము దగ్గరే నిలబడిపోతుంది, కొట్టినా కదలదు. మా దగ్గర నడక వచ్చిన పిల్లకి కూడా ఈ సంగతి తెలుసు. జాలిపడి గడ్డేసిన వాళ్ళని ఇద్దరు ముగ్గుర్ని నలుగురిలో నేనే దులిపేశాను కూడా. అలాంటి నేను, ఆ రెండో వారంలో ఓ పొద్దున, పెద్దావిడ కన్నం దగ్గర మోకాళ్ళ మీద కూలబడి మళ్ళీ లేవడం చూసి, తిన్నగా ఇంటికొచ్చి, ఆవుల వాములోంచి నాలుగు మోపుల గడ్డి లాగి, జారుడుబండి మీద అలాస్‌కి ఈడ్చుకెళ్ళాను. ఒక్కసారేగా అనుకున్నాను. మర్నాడు కూడా ఒక్కసారేగా అనుకున్నాను. అలా ఐదు రోజులు.

ఆరో రోజు గడ్డి తీసుకెళ్ళలేదు. మధ్యాహ్నానికి మంద మొత్తం నాలుగు కిలోమీటర్లు నడిచి మా ఇంటి కంచె దగ్గరికి వచ్చి నిలబడింది.

జాకిప్ అన్న చూశాడు. తిడతాడనుకున్నాను. తిడితే బాగుండును.

"గడ్డేశావా?" అన్నాడు మెల్లగా.

"వేశాను."

"సరే, పద. నా సవారీ గుర్రాలు రెండున్నాయి, జీను కట్టు. మెట్ట మీదికి తోలుదాం."

ఆ వయసులో ఆయన నాతో మూడు రోజులు గుర్రం మీద వచ్చాడు. ఆయన చెప్పిందే నిజం. మెట్ట మీద వాన పడలేదు. లార్చి చెట్ల మధ్య మంచు మోకాలి లోతున పిండిలా ఉంది, చెయ్యి పెట్టి తీస్తే అడుగున గడ్డి. ఆ గడ్డి చూసి నాకు ఏడుపొచ్చింది. నా చేతులతో నేనే మంచు తవ్వి పెద్దావిడకి చూపించాను. అది ఒక్కసారి కాలితో గీకింది. తర్వాత తలెత్తి దక్షిణం వైపు, మేం వచ్చిన దారి వైపు చూస్తూ నిలబడింది.

"తవ్వవే తల్లీ, ఇక్కడంతా తిండే," అన్నాను.

"దానికి చెప్పకురా. దానికి తిండెక్కడుందో నువ్వే చెప్పేశావుగా," అన్నాడు జాకిప్ అన్న.

మేం తిరిగొచ్చిన నాలుగో రోజు, మంద మా కంచె దగ్గరుంది. మళ్ళీ తోలాం. ఈసారి మేం ఇంటికి చేరేసరికి అవి మాకంటే ముందే వచ్చి, తోకలు మా ఊరి అడవివైపు పెట్టి, తలలు మా గడ్డివాము వైపు పెట్టి నిలబడి ఉన్నాయి. రానూ పోనూ నడకలకే ఒంట్లో కొవ్వు సగం కరిగిపోయింది. డొక్కలు కనపడుతున్నాయి. నేను కర్రతో అదిలించాను, కుక్కల్ని ఉసిగొల్పాను, గాలిలోకి తుపాకీ పేల్చాను. పది అడుగులు వెళ్ళి వెనక్కొచ్చేవి. నా మీద కోపం లేదు వాటికి. అదే నాకు భరించరాకుండా ఉంది. గడ్డిచ్చేవాడికి ఇవాళెందుకో ఒంట్లో బాగాలేదు, రేపిస్తాడు అన్నట్టు ఓపిగ్గా చూసేవి.

ఒగ్దో కిటికీకి దుప్పటి కట్టేసింది. కానీ అవి మంచు నలుపుతూ కాళ్ళు మార్చుకునే చప్పుడు వినపడుతూనే ఉండేది.

నవంబరు పద్దెనిమిదిన జాకిప్ అన్న వచ్చి బల్ల దగ్గర కూర్చున్నాడు. ఒగ్దో టీలో పాలు పోసి ముందు పెట్టింది. తాగలేదు.

"ఒంటి మీద ఇంకా కాస్త కొవ్వుంది. ఇప్పుడైతే మాంసం. ఫిబ్రవరిలో అయితే ఎముకలూ తోలూ. పడిపోయిన చోట తోడేళ్ళు ప్రాణంతో ఉండగానే పీకుతాయి. ఏది చేస్తావో చెప్పు."

"కడుపుతో ఉన్నాయన్నా."

"తెలుసురా."

"ఆవుల్ని తీసేద్దాం," అంది ఒగ్దో. "ఆ గడ్డి వీటికేద్దాం."

ముగ్గురం ఆలోచించాం. ఆవులు పోయినా ఆ గడ్డి ఆరింటికి మించి వసంతం దాకా రాదు. మగగుర్రం, పడుచువి ఐదు. మిగిలిన పదకొండూ మాంసానికి వెళ్ళాలి. ఏవి వెళ్ళాలో నేనే చెప్పాలన్నారు, మంద నాది కాబట్టి. ముసలివాటి నుంచి మొదలుపెట్టాలని నాకు తెలుసు, వాళ్ళకీ తెలుసు. పెద్దావిడ పేరు మాత్రం నోటితో పలకలేకపోయాను. ఒగ్దో లేచి నా వెనక నిలబడి భుజం మీద చెయ్యేసింది.

మా గుర్రాలు మనిషి చేతికి చిక్కేవి కావు. మామూలుగా ఒక్కదాన్ని పట్టడానికి నలుగురు మగాళ్ళు, పొడుగాటి గడకి కట్టిన ఉచ్చు, ఒక పూటంతా పరుగులు. అందుకే జాకిప్ అన్న కత్తితో పాటు ఉచ్చూ, గడా తెచ్చాడు, ఊళ్ళోంచి ఇద్దర్ని పిలుచుకొచ్చాడు.

నేను కంచె తలుపు తెరిచాను. చేతిలో ఇంత గడ్డి ఉంది, అంతే. పదిహేడూ ఒక్కసారిగా చెవులు నిక్కించాయి. ఒకదాన్నొకటి తోసుకోకుండా, మర్యాదగా, వరసగా నా వైపు నడిచొచ్చాయి. ముందు పెద్దావిడ. దాని కనురెప్పల మీద మంచు, మూతి చుట్టూ ఆవిరి. పద్నాలుగేళ్ళలో నేను దాని ఒంటి మీద చెయ్యి వేసింది లేదు. ఇవాళ అదే వచ్చి నా ఛాతీకి నుదురు ఆనించి, చేతిలో గడ్డి తినడం మొదలుపెట్టింది.

జాకిప్ అన్న గడ కింద పడేశాడు.

"నువ్వు లోపలికి పోరా తమ్ముడూ," అన్నాడు. ఆయన నన్ను తమ్ముడూ అనడం నేనెప్పుడూ వినలేదు.

"నేను కదిలితే బెదురుతుందన్నా," అన్నాను.

అది గడ్డంతా తినేసింది. వెచ్చటి పెదాలతో నా అరచెయ్యి ఇంకా వెతుకుతోంది. రెండో చెయ్యి దాని మెడ చుట్టూ వేసి గట్టిగా పట్టుకుని, జాకిప్ అన్నకి తలూపాను.