ఎర్ర చీటీ పంజరాలు

ఎలుకలకు మొహమాటం లేదు. కొత్త పిల్ల ఎలుక గూట్లోకి వస్తే తనివితీరా వాసన చూస్తాయి. అరగంట తర్వాత మళ్లీ అదే వస్తే, ఓ నువ్వా అన్నట్టు ముక్కు ఆనించి తమ పని చూసుకుంటాయి. మెదడులో ఆక్సిటోసిన్ అనే హార్మోన్‌ను మందుతో అడ్డుకుంటే ఈ గుర్తు నిలవదని నిరూపించడానికి ఆమె రెండేళ్లుగా స్టాప్‌వాచ్ పట్టుకుని కూర్చుంది. మందు ఇచ్చినవాటి పంజరాలకు ఎర్ర చీటీ, ఉత్త ఉప్పునీళ్లు ఇచ్చినవాటికి తెల్ల చీటీ. ఎర్ర చీటీ ఎలుకలు తెలిసిన పిల్లను ప్రతిసారీ కొత్తదానిలాగే వాసన చూశాయి. వంక పెట్టడానికి లేని ఫలితం. రేపు ఆమె పరిశోధనకు గైడైన మేడమ్ దాన్ని శాస్త్రవేత్తల సభలో చదివితే ఆమె డాక్టరేటు గట్టెక్కినట్టే.

ఎప్పుడూ పక్క గదిలో తెర ముందు కూర్చుని కొలిచే మనిషి, ఇవాళ కెమెరా మొరాయించడంతో ఎలుకల గదిలోకి వచ్చింది. ఎలుకలను చూసుకునే పెద్దాయన, అందరికీ బాబాయ్, ఎర్ర పంజరం మూత తీయబోతూ ఆగి, చేతిలోని పిల్ల ఎలుకను స్పిరిట్ దూదితో శుభ్రంగా తుడిచాడు.

"అదేంటి బాబాయ్?"

"రోజూ చేసేదేనమ్మా. తెల్ల చీటీవాటికి అక్కర్లేదు, ఎర్ర చీటీ అంటే ఒంట్లో బాగోలేనివి కదా. మొదటిసారి పిల్ల దాని గూట్లోంచే వస్తుంది, పర్లేదు. రెండోసారికి బల్ల మీదంతా తిరిగుంటుంది. తుడవకుండా ఎలా పంపను?"

ఒంటి వాసనే మారిపోయిన పిల్లను ఏ ఎలుక గుర్తుపడుతుంది? గుర్తు చెరిపింది మందా, దూదా? నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు. ఆ ఆలోచన వచ్చినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

"ఇంకా నాలుగు ఎర్ర పంజరాలున్నాయి. వీటికి తుడవద్దు బాబాయ్."

మొదటి ఎలుక అరగంట కిందట పిల్లను ఎనభై సెకన్లు వాసన చూసింది. ఇప్పుడూ అంతసేపు చూస్తే మందు గెలిచినట్టు. ముప్పైకే వదిలేస్తే రెండేళ్లూ నీళ్లపాలు. ఆమె స్టాప్‌వాచ్ నొక్కింది. ఎలుక పిల్ల దగ్గరికి వచ్చింది. పది. ఇరవై. చూడవే, ఇంకాస్త చూడవే అని లోలోపల బతిమాలుకుంది. ఇరవై ఆరు దగ్గర ఎలుక వెనక్కి తిరిగి, మూలన కూర్చుని మీసాలు దువ్వుకుంది.

మిగతా మూడూ అంతే.

"చూశావామ్మా, ఒక్కటీ మర్చిపోలేదు. నువ్వే పాపం వాటికి మతిమరుపు అంటగట్టావు." బాబాయ్ మొహం వెలిగిపోతోంది.

ఆమె మేడమ్‌కు ఫోన్ చేసి జరిగింది చెప్పింది. రేపు చదవొద్దంది.

"ఎవరు చేసిన పని ఇది?" మేడమ్ గొంతు పక్కనున్న బాబాయ్‌కీ వినిపించింది. దూది పట్టుకున్న చెయ్యి అలాగే ఆగిపోయింది.

"నాదే మేడమ్. ఏ పంజరానికి ఏమిచ్చామో గదిలో ఎవరికీ తెలియకూడదు. రంగు చీటీలు అతికించింది నేనే."

అవతల ఫోన్ పెట్టేశారు. ఆమె ఎర్ర చీటీలు పీకడం మొదలుపెట్టింది. కాసేపటికి బాబాయ్ కూడా వచ్చి, అంటుకుపోయిన జిగురును గోటితో గీకసాగాడు.