దీపం వేళకు తీసిన గేటు

ఆ కర్టెను మార్చనే లేదు, ఒక పక్క మోకాలెత్తు దాకా కాలి నల్లగా ముడుచుకుపోయి అట్లాగే వేలాడుతోంది, సభా సంఘం వస్తుంది, దేన్నీ కదిలించొద్దని ఎవరో చెప్పి ఉంటారు, కాని నా కన్ను మాత్రం కాలిన చోటికి కాకుండా కాలని పక్క కింద అంచుకు పోయింది, చేత్తో కుట్టిన కుట్టు, మిషను కుట్టు కాదు, ఆ అధికారి తల్లి వనజమ్మే కుట్టుకొని ఉంటుంది, సర్కారు బంగళా అయినా కిటికీకి తన గుడ్డ వేలాడితే గాని ఆడదానికి అది ఇల్లనిపించదు, నాకూ మొదటిసారి ఎమ్మెల్యేనైనాక హైదరాబాదులో క్వార్టరు ఇచ్చినప్పుడు అంతే, ప్రొద్దుటూరు నుంచి పాత చీరలు తీసుకుపోయి కిటికీలకు కట్టుకున్నా, ఇప్పుడు ఆ క్వార్టరూ లేదు, ఆ హైదరాబాదూ మనది కాదు, కారు జమ్మలమడుగు దాటి ముద్దనూరు రోడ్డెక్కింది, మధ్యాహ్నం తిన్న అన్నం రెప్పల మీదికి వస్తోంది, పక్కన మా ఛైర్మన్ నారాయణ గారు చెప్పులు విడిచి కళ్ళు మూసుకున్నాడు, ముందు డ్రైవరు పక్కన నా గన్‌మన్ ఫరూఖ్, వెనక సీట్లో శాసనసభ ఆఫీసు అమ్మాయి దీప్తి లాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకొని టకటకా కొడుతోంది, పులివెందుల చేరేలోగా రిపోర్టు తయారు కావాలట, గెస్ట్‌హౌసులో సంతకాలు పెట్టేస్తే రేపు ఎవరి ఊరికి వాళ్ళు పోవచ్చట, మిగతా సభ్యులు వెనక కార్లలో వస్తున్నారు, వాళ్ళూ నిద్రపోతుంటారు.

ఇంతకీ మేం తేల్చింది ఏముంది, కార్తీక మాసంలో ఒక సాయంత్రం దువ్వూరు దగ్గరి రైతు నాగేంద్ర, కాలువ తవ్వకంలో పొలం పోయినవాడు, భూసేకరణ అధికారి బంగళాలోకి నడిచి వచ్చాడు, గోడ దూకలేదు, గేటులోంచే వచ్చాడు, హాల్లో నిలబడి సంచీలోంచి సీసా తీసి కర్టెను మీద పెట్రోలు పోసి అంటించాడు, అధికారి పరుగెత్తుకొచ్చి ఆర్పబోయి చెయ్యి కాల్చుకున్నాడు, పోలీసులు వచ్చేదాకా ఆ రైతు ఎక్కడికీ పోలేదట, అక్కడే బండల మీద కూర్చొని ఏడుస్తున్నాడట, టీవీలు ఆ మంటనే తిప్పి తిప్పి చూపించాయి, సభలో రెండు పక్షాలూ ఒకే గొంతుతో అరిచాయి, అధికారి ఇంటికే కాపలా లేకపోతే మామూలు జనం సంగతేంటని, అట్లా మా సంఘం పుట్టింది, అట్లా నేను దీంట్లో పడ్డా, రోజూ వేసుకునే బీపీ మాత్ర పొద్దున వేసుకున్నానా లేదా, ఫరూఖ్‌ని అడిగితే చెప్తాడు, వాడికే నాకంటే బాగా గుర్తుంటుంది, అడగడానికి కూడా ఓపిక లేదు.

పొద్దున బంగళాకు పోగానే మగవాళ్ళంతా టేపు పట్టుకొని గోడ కొలవడానికి పోయారు, కెమెరాలు యాడున్నాయి, లైట్లు యాడున్నాయి, ఒకాయన నాపబండల గోడకు ముళ్ళతీగ వేయాలన్నాడు, ఇంకొకాయన కరెంటు తీగ అన్నాడు, ఛైర్మన్ నా వైపు తిరిగి చెల్లెమ్మా మీరు లోపలికి వెళ్ళి పెద్దావిడని పలకరించండి, ఆవిడ ఇంకా బెదురుగా ఉందట, ఆడవాళ్ళయితే బాగుంటుంది అన్నాడు, ఏ సంఘంలో వేసినా నన్ను పంపేది వంటింటికే, హాస్టళ్ళ సంఘంలో పప్పు రుచి చూడమన్నారు, ఆసుపత్రుల సంఘంలో బాత్‌రూములు చూడమన్నారు, నేనూ పోతాను, వాదించేదానికి ఒకప్పుడు బలం ఉండేది, ఇప్పుడు మోకాళ్ళకు కూడా లేదు, కాని లోపలికి పోకముందు గేటు కెమెరాలో పడిన ఆ సాయంత్రం బొమ్మ టీవీలో వేసి చూపించారు, అందరూ ఆ రైతు వచ్చే ఘడియ కోసం చూస్తున్నారు, ఇదిగో ఇదిగో అంటున్నారు, నేను అంతకు ముందు జరిగింది చూశా, హోంగార్డు శాంసన్ నడుచుకుంటూ వచ్చి గేటు రెండు రెక్కలూ బార్లా తీశాడు, గాలికి మూసుకోకుండా కాలితో ఒక నాపరాయి ముక్కను జరిపి రెక్క కింద పెట్టాడు, తర్వాత దారికి అడ్డం లేకుండా పక్కకు, మునగచెట్టు కిందికి జరిగి నిలబడ్డాడు, మరిచిపోయినవాడు రాయి పెడతాడా, ఆ రాయి నాకు తెలుసు, ఆ కాలు జరిపే తీరు కూడా తెలుసు, యాడ చూసినానో మాత్రం అప్పుడు తట్టలేదు.

శాంసన్ ఉతికి ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా వేసుకొని వచ్చాడు, యూనిఫారం అప్పుడే తీసేసుకున్నారు కదా, ఆదివారం చర్చికి వేసుకునే చొక్కా అయ్యుంటుంది, గేటు బయట భార్య మౌనిక బిడ్డను భుజాన వేసుకొని నిలబడింది, గేటు ఎందుకు తెరిచి ఉందని ఛైర్మన్ అడిగాడు, మరిచిపోయినా సార్ అన్నాడు, అంత పెద్ద గేటు మరిచిపోతావా, ఆ పొద్దు మరిచిపోయినా సార్, నువ్వెక్కడున్నావు, చెట్టు కింద సార్, చెట్టు కింద ఏం చేస్తున్నావు, ఏం చేయలేదు సార్, ఒక సభ్యుడు నవ్వి ఏమప్పా గేటుకు నువ్వు కాపలానా, మునక్కాయలకు కాపలానా అన్నాడు, అందరూ నవ్వారు, శాంసన్ కూడా కొంచెం నవ్వాడు, అదే నాకు బాగా కష్టమనిపించింది, అధికారి పక్కనే కుర్చీలో కూర్చొని చేతికి కట్టిన కట్టు చూసుకుంటున్నాడు, తలెత్తలేదు.

వనజమ్మ నన్ను చూసి లేవబోయింది, కూర్చోమ్మా అంటే కూడా వినకుండా బొరుగుల ఉగ్గాని పెట్టింది, మిరపకాయ బజ్జీ పెట్టింది, ఇంత కాలినా వంటింట్లో పోపు వాసన తగ్గలేదు, నేను బజ్జీ తుంచుతూ ఊరికే అన్నా, ఆ పిల్లోడు మరిచిపోయినా అంటాండాడమ్మా అని, ఆమె గరిటె కింద పెట్టింది, వాడు మరిచిపోవడమేంది తల్లీ, నేనే తీయమన్నా, దీపం పెట్టే వేళకు వాకిలి మూసి ఉంటే లక్ష్మి యాడనుంచి వస్తాది ఇంట్లోకి, ఆ వేళకు దారికి అడ్డం ఎవురూ నిలబడొద్దని కూడా నేనే చెప్పినా, పక్కకు నిలబడు నాయనా అని, వాడు వద్దవ్వా సారు తిడతాడు అన్నాడు, సారు నా కొడుకే గదా నేను చెప్పుకుంటాలే అన్నా, రోజూ తీస్తాండాడు, నేను దేవుని గదిలో గంట కొట్టినాక మూస్తాండాడు, మరి ఈ మాట మీ కొడుకుతో చెప్పినారా అంటే ఆమె నా వైపు చూడకుండా నా తట్టలో ఇంకో బజ్జీ వేసింది, చెప్పినా, నోరు మూసుకొని ఉండమ్మా నా ఉద్యోగం పోతాది అన్నాడు, కన్నకొడుకు తల్లీ, ఏం చేసేది, ఆ గేటు కాడి పిల్లోడూ నా చేతి అన్నం తిన్నోడే, రాత్రిపూట నాకు నిద్ర పడతాలేదు అనింది, నేను ఆమె చెయ్యి పట్టుకున్నా, పట్టుకోవడం తప్ప నా దగ్గర ఏముంది అప్పటికి.

చేతులు కడుక్కునే మిష మీద పెరటి కొళాయి దగ్గరికి పోతే శాంసన్ అక్కడ నీళ్ళు తాగుతున్నాడు, అవ్వ చెప్పిందప్పా అన్నా, వాడు గ్లాసు కడిగి బోర్లించి, తెలుసు మేడం అవ్వ నోట్లో మాట నిలవదు అన్నాడు, మరి నువ్వెందుకు చెప్పవు, మేడం నేను చర్చికి పొయ్యేటోణ్ణి, లక్ష్మి కోసం గేటు తీసినా అని నేను చెప్తే టీవీలో ఏమని వస్తాది, హిందువుల దేవత మీద నెపం పెట్టినాడు అంటారు, ఆ తర్వాత మా వీధి మీద పడతారు, మా నాయన అదే వీధిలో బడి చెప్పినాడు, మా అమ్మ ఈ పొద్దు కూడా భయం లేకుండా ఒంటరిగా నడిచి మా చర్చోళ్ళ గుడారాల పండగకు పోతాది, మరిచిపోయినా అంటే నా ఒక్కనితో పోతాది, ఉద్యోగం పోతాది కదప్పా అంటే, పోతాది మేడం, ఇంకో కాపలా పని కూడా ఎవురూ ఇయ్యరు అసెంబ్లీ వాళ్ళు రాసినాక, మౌనికకు ఇంకా తెలీదు, సస్పెన్షన్ అంతే అనుకుంటాంది అన్నాడు, తర్వాత నా మొహం చూసి, మీరేం బాధపడొద్దు మేడం, అవ్వ చేతి ఉగ్గాని బాగుండాదా అన్నాడు.

కరెంటు ఫ్యాక్టరీ పొగగొట్టాలు కనిపిస్తున్నాయి, అంటే ముద్దనూరు వచ్చేసింది, కారెక్కినప్పుడే ఛైర్మన్‌తో మెల్లగా చెప్పా ఇదంతా, ఆయన విన్నాడు, చెడ్డవాడు కాదు, గోదావరి జిల్లా మనిషి, నా యాస మీద రోజూ ఒక జోకు వేసినా నా బ్యాగు తనే మోస్తాడు, విని తల ఊపి చెల్లెమ్మా, ఇది రిపోర్టులో ఎట్లా రాస్తాం, అధికారి తల్లి పేరు రాస్తామా, లక్ష్మీదేవి పేరు రాస్తామా, సభలో పెట్టిన మర్నాడు వాళ్ళూ వీళ్ళూ కలిసి మన మీదే పడతారు, మతం మాట వచ్చిందంటే గోడ సంగతి ఎవరికీ గుర్తుండదు, ఆ కుర్రాడే ఒప్పుకుంటున్నాడుగా, అతని మంచికే అనుకోండి అన్నాడు, అందులో అబద్ధం కూడా ఏం లేదు, అదే అలుపు, అబద్ధం అయితే పోట్లాడవచ్చు, అందరూ ఒకరికొకరు మంచి చేసుకుంటూ ఆ పిల్లోడిని తీసి రోడ్డు మీద పెట్టేది ఉంది చూడు, దాంతో పోట్లాడాలంటే యాడ పట్టుకోవాలో తెలీదు, దీప్తి వెనకనుంచి ఒక వాక్యం చదివింది, విధుల్లో తీవ్ర నిర్లక్ష్యం వహించిన సదరు హోంగార్డును శాశ్వతంగా తొలగించాలని సంఘం ఏకగ్రీవంగా సిఫారసు చేస్తోంది, బాగుందా సార్, బాగుందమ్మా అన్నాడు ఛైర్మన్ కళ్ళు తెరవకుండానే, ఏకగ్రీవం అంటే నేను కూడా, ఇట్లాంటివి ఎన్నింటికి పెట్టలేదు సంతకాలు, ఆ హాస్టళ్ళ రిపోర్టు ఏమైంది, యాడో బీరువాలో ఉంటుంది, ఇదీ పోయి దాని పక్కన పడుకుంటుంది, గోడ లేవదు, ముళ్ళతీగ రాదు, ఒక్క శాంసన్ ఉద్యోగం మాత్రం తప్పకుండా పోతుంది, మా రిపోర్టుల్లో అమలయ్యేది ఎప్పుడూ ఆ ఒక్క వాక్యమే, పెట్టేద్దాం, పెట్టి పడుకుందాం, మోకాళ్ళకు నూనె రాసుకొని.

చీనీ తోటలు మొదలయ్యాయి, ఛైర్మన్ భాషలో బత్తాయి, ఎండ పసుపు పచ్చబడి తోటల మీద అడ్డంగా పడుతోంది, పులివెందుల దగ్గరికి వచ్చాం, రోడ్డు పక్క ఇళ్ళ ముందు ఆడవాళ్ళు నీళ్ళు చల్లుతున్నారు, ఆ తడిమట్టి వాసనకు నా చెయ్యి దానంతట అదే ఫోన్ తీసింది, ఏ ఊర్లో ఉన్నా ఈ వేళకు నేను ప్రొద్దుటూరు ఇంటికి ఫోన్ చేస్తా, కోడలు మాధవి ఎత్తింది, అత్తా తిన్నారా, తిన్నాలేమ్మా, దీపం పెట్టినావా, ఇప్పుడే ఒత్తులు వేస్తాన్నా అత్తా, కమాల్ బాషా గేటు తీసినాడా, తీసినాడత్తా, రాయి పెట్టినాడా, గాలి శానా ఉండాదే మూసుకుంటాది, పెట్టినాడత్తా పక్కకు నిలబడినాడు కూడా, సరేమ్మా, ఫోన్ పెట్టేశా, పెట్టేసిన తర్వాత గాని నాకు వినపడలేదు నేను ఏం మాట్లాడానో.

కారులో టకటక ఆగిపోయింది, దీప్తి వేళ్ళు అట్లాగే లేచి ఉన్నాయి అద్దంలో, ఛైర్మన్ కళ్ళు తెరిచి నన్ను చూస్తున్నాడు, ఫరూఖ్ ఒక్కడు తిరగలేదు, వాడి మెడ తెలుసు నాకు, నవ్వు ఆపుకుంటే ఆ నరం ఉబ్బుతుంది, కాని ఇప్పుడు ఉబ్బలేదు, వాడు నా గన్‌మన్ కాకముందునుంచే కమాల్ బాషా మా గేటు దగ్గర ఉన్నాడు, ఇద్దరూ అక్కడే కూర్చొని టీ తాగుతారు, నమాజు వేళ అయినా సరే ముందు గేటు తీసి, రాయి జరిపి, పక్కకు నిలబడి, నేను లోపల గంట కొట్టిన తర్వాతే ఆయన మసీదుకు పోతాడు, ఎవరొస్తారమ్మా అని ఒక్కనాడు అడగలేదు, నేనూ ఒక్కనాడు అనుకోలేదు ఎవరైనా రావచ్చని, పొలం పోయినవాళ్ళు మా నియోజకవర్గంలో లేరా, నాగేంద్రలు లేరా, రేపు ఒకడు సంచీతో మా వాకిట్లోకి నడిచి వస్తే ఇట్లాంటి సంఘమే మా ఇంటికీ వస్తుంది, టేపుతో మా గోడ కొలుస్తారు, నా కోడలిని పలకరించడానికి ఎవరో ఒక ఆడమనిషిని వంటింట్లోకి పంపుతారు, కమాల్ బాషా తెల్ల టోపీ పెట్టుకొని వచ్చి నిలబడి మరిచిపోయినా సార్ అంటాడు, శాంసన్ లెక్కనే అంటాడు, ఆ భయంతోనే అంటాడు, అప్పుడు నేను యాడుంటాను, పక్కన కుర్చీలో, తలెత్తకుండా.

దీప్తీ, ఆ వాక్యం ఆపమ్మా, అన్నా, ఆపి నా పేరుతో విడిగా రాయి, హోంగార్డు గేటు మరిచిపోలేదు, దీపం వేళకు తీయమంటే తీశాడు, మా ఇళ్ళల్లో ఈ వేళకు గేటు తీసి ఉంచడం ఆనవాయితీ, ఈ సభ్యురాలి ఇంట్లో కూడా ప్రతిరోజూ తీస్తారు, ఈ రోజు కూడా తీశారు, ఛైర్మన్ లేచి కూర్చున్నాడు, చెల్లెమ్మా మధ్యలో మీ ఇల్లెందుకు, టీవీ వాళ్ళు రేపు పొద్దున మీ గేటు ముందే నిలబడతారు, నిలబడనీ అన్నయ్యా, మా ఇల్లు రాయకపోతే అది ఆ ముసలామె మీద చాడీ అవుతుంది, ఆయన ఇంకేదో అంటున్నాడు, వినపడుతోంది, కాని మోకాళ్ళ నొప్పి లాగా అది నాది కాకుండా కొంచెం దూరంగా ఉంది, గెస్ట్‌హౌసు మలుపు తిరిగింది కారు, దీప్తి మళ్ళీ మెల్లగా కొట్టడం మొదలుపెట్టింది, నాకు ఒక్కటే తెలుస్తోంది, పొద్దుటి నుంచి ఆ బంగళా అంతా తిరుగుతూ ఎవరి నోటినుంచి రావాలా అని వెతుకుతున్న మాట, శాంసన్ చెప్తే వాళ్ళ వీధి మీద పడే మాట, వనజమ్మ చెప్తే కన్నకొడుకు మీద పడే మాట, ఇంకెవరి మీదా పడకుండా చెప్పగలిగిన మనిషిని ఈ కారులో నేనొక్కదాన్నే, ఎందుకంటే అది మా గేటు.